పసిపిల్లలకి యాంటీబయాటిక్ వాడితే తర్వాత లావైపోతారా? మందుల షాపు కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయనగరంలో మందుల షాపులో ఫార్మసిస్ట్‌ని, డాక్టర్ని కాదు, అది ముందే చెప్పేస్తున్నా. ఈమధ్య చీటీలో యాంటీబయాటిక్ కనిపించగానే "ఇది పోస్తే పిల్లడు లావైపోతాడంట కదండీ" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అలా అడిగినవాళ్ళే వారం పోయాక చీటీ లేకుండా వచ్చి, అజిత్రోమైసిన్ సిరప్ ఒకటి ఇచ్చేయండి అంటారు, అది వేరే సంగతనుకోండి. తిప్పి తిప్పి అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి చదివినంతా, తెలిసినంతా ఒకచోట పెడుతున్నా.

సూటిగా చెప్పండి, లావవుతారా అవ్వరా?

ఒకటి రెండు కోర్సులకైతే భయపడక్కర్లేదు. చాలాసార్లు వాడిన పిల్లల్లో కొంచెం తేడా కనిపించింది, అదీ చిన్నదే.

2014లో అమెరికాలో ఫిలడెల్ఫియా చుట్టుపక్కల 64,580 మంది పిల్లల రికార్డులు తిరగేశారు. రెండేళ్ళు నిండేలోపు నాలుగు కోర్సులు, అంతకంటే ఎక్కువ వాడినవాళ్ళకి ఐదేళ్ళలోపు ఊబకాయం వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే సుమారు 11 శాతం ఎక్కువ ఉంది. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు, 11 శాతం అంటే నూటికి పదకొండు మంది లావైపోతారని కాదండి, వాడనివాళ్ళలో నూటికి పది మంది లావుగా ఉన్నారనుకుంటే వాడినవాళ్ళలో పదకొండు మంది ఉంటారు, అంతే. ఆ తేడా కూడా అన్నిరకాల క్రిముల మీదా పడిపోయే బ్రాడ్ స్పెక్ట్రమ్ మందుల దగ్గరే కనిపించింది, కొన్ని క్రిముల మీదే పనిచేసే మందుల దగ్గర కనిపించలేదు.

మళ్ళీ 2016లో అదే ప్రాంతంలో 38,522 మంది పిల్లల్ని చూశారు, ఈసారి మొదటి ఆరు నెలల్లో వాడినవాళ్ళు ఒకవైపు, వాడనివాళ్ళు ఒకవైపు. రెండో ఏడు నుంచి ఐదో ఏడు మధ్యలో పెరిగిన బరువులో తేడా సుమారు 50 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డంత. అది కూడా లెక్కల్లో గట్టిగా నిలబడే తేడా కాదని వాళ్ళే రాశారు. అందులోనే 46 జతల కవలల్ని కూడా చూశారు, జతలో ఒకరికి మందు పడింది ఇంకొకరికి పడలేదు, అక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకైతే ఈ కవలల లెక్క మీదే ఎక్కువ నమ్మకం, తక్కువమందే గానీ ఒకే తల్లి ఒకే ఇల్లు ఒకే వంట కదా.

మరి ఈ మాట ఎక్కడినుంచి పుట్టింది?

కోళ్ళ దగ్గర పుట్టింది. నిజంగానే.

1940ల చివర్లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అని ఇద్దరు కోడిపిల్లల దాణాలో బీ12 విటమిన్ కోసం ఏదో కలిపి చూస్తున్నారు, క్లోర్‌టెట్రాసైక్లిన్ తయారయ్యాక మిగిలిన పిప్పి కలిపిన కోళ్ళు తెగ పెరిగాయి. అది బీ12 మహిమ కాదు, పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మహిమ. ఇంకేముంది, 1950ల నుంచి కోళ్ళకీ పందులకీ దూడలకీ రోగం ఉన్నా లేకపోయినా దాణాలో కలపడం మొదలైంది. యూరప్ 2006లో ఇలా బరువు కోసం కలపడం పూర్తిగా ఆపేసింది, మన దేశంలో కొలిస్టిన్ అనే ఆఖరి అస్త్రంలాంటి మందుని కోళ్ళకీ పశువులకీ వాడకూడదని 2019లో నిషేధించారు. కోడి లావెక్కితే పిల్లడు లావెక్కడా అన్నది అక్కడినుంచి వచ్చిన అనుమానమే, అనుమానం తప్పని అనను. కానీ ఫారం కోడికి ఇచ్చేది రోజూ కొంచెం కొంచెం, బతికినన్నాళ్ళూ. పిల్లలకి ఇచ్చేది బరువుకి తగ్గ డోసు, ఐదు రోజులో వారం రోజులో. రెండూ ఒకటి కాదు.

ఎలుకల మీద ప్రయోగం చేసి నిరూపించేశారంట కదా?

చేశారు, న్యూయార్క్‌లో మార్టిన్ బ్లేజర్ అనే డాక్టరు గారి బృందం. 2014లో వచ్చిన ప్రయోగంలో పుట్టినప్పటి నుంచి చిన్న డోసులో పెన్సిలిన్ ఇచ్చిన ఎలుకలకి కొవ్వు పెరిగింది. ఆ ఎలుకల పేగుల్లోని బాక్టీరియా తీసి అసలు క్రిములే లేకుండా పెంచిన వేరే ఎలుకలకి ఎక్కిస్తే అవీ కొవ్వెక్కాయి, మందు ఒక్క చుక్క తగలకపోయినా. అంటే పని చేసింది మందు కాదు, మందు వల్ల మారిపోయిన బాక్టీరియా. మంచి ప్రయోగమే. కానీ అందులోనూ చిన్న డోసు, ఎక్కువకాలం, అందుకే దాన్ని తెచ్చి మీ పిల్లడి ఐదురోజుల కోర్సుకి అంటించకండి.

పేగుల్లో బాక్టీరియా ఉంటే మంచిదేటి? క్రిములు కదా?

మంచివే ఎక్కువ. కాన్పు అయినప్పటి నుంచి చేరతాయి, తల్లిపాలు తాగే పిల్లల్లో బైఫిడో అనే రకం ఎక్కువగా ఉంటుంది. తల్లిపాలల్లో పిల్లడికి అరగని కొన్ని చక్కెరలు ఉంటాయి, అవి ఆ బాక్టీరియా కోసమే ఉన్నాయేమో అన్నట్టు ఉంటుంది. తిన్నదాంట్లోంచి శక్తి లాగడంలో, రోగనిరోధక శక్తికి తర్ఫీదు ఇవ్వడంలో వీటికి పాత్ర ఉంది. యాంటీబయాటిక్ పడితే చెడ్డదానితోపాటు ఇవీ పోతాయి, అందుకే విరేచనాలు. చాలామందికి కొన్ని వారాలు, నెలల్లో మళ్ళీ సర్దుకుంటుంది, కానీ ఒకదాని వెనక ఒకటి కోర్సులు పడితే సర్దుకునే టైమ్ ఉండదు, అసలు ఇబ్బంది అక్కడ.

ఒక స్టడీలో అవునంటారు, ఒకదాంట్లో కాదంటారు, ఏది నమ్మాలి?

ఇది మంచి ప్రశ్న, అడిగింది బీఎస్సీ నర్సింగ్ చదివే అమ్మాయి.

బ్రిటన్‌లో 11,532 మంది పిల్లల్ని చూస్తే ఆరు నెలల్లోపు మందు పడినవాళ్ళు మూడేళ్ళ వయసప్పుడు కొంచెం బరువున్నారు, ఏడేళ్ళొచ్చేసరికి ఆ తేడా కనపడలేదు. డెన్మార్క్‌లో 2011లో ఇంకా తమాషా, మామూలు బరువున్న తల్లుల పిల్లల్లో మందు వాడితే ఏడేళ్ళకి లావయ్యే అవకాశం పెరిగింది, లావుగా ఉన్న తల్లుల పిల్లల్లో తగ్గింది! మందే కారణమైతే తల్లిని బట్టి ఇలా తలకిందులు ఎందుకవుతుంది?

నా ఆలోచన మార్చింది మాత్రం 2017లో కాలిఫోర్నియా నుంచి వచ్చినది, 2,60,556 మంది పిల్లలు. మిగతా పరిశోధనల్లో చాలావరకు మందు వాడిన పిల్లల్నీ వాడని పిల్లల్నీ పోల్చారు. కానీ మందు ఎవరు వాడతారు, రోగం వచ్చినవాళ్ళు కదా. వీళ్ళు మూడు గుంపులు చేశారు, అసలు ఇన్ఫెక్షన్ రానివాళ్ళు, వచ్చి మందు వాడనివాళ్ళు, వచ్చి వాడినవాళ్ళు. ఇన్ఫెక్షన్ వచ్చి మందు వాడని పిల్లల్లో కూడా ఊబకాయం అవకాశం దాదాపు 25 శాతం ఎక్కువగా ఉంది, వాళ్ళకీ మందు వాడినవాళ్ళకీ మధ్య తేడా లేదు. అంటే మందు మీద పడ్డ నింద కొంతవరకు జబ్బుదేమో. మాటిమాటికి జబ్బుపడే ఇంట్లో పొగ, ఇరుకు, డబ్బాపాలు, తిండి ఇలా పది కారణాలుంటాయి, అవన్నీ విడదీయడం అంత తేలిక కాదు.

మా గుంటడు మందు వాడిన నెలకే బొద్దుగా అయిపోయాడు, బుగ్గలు కూడా వచ్చేశాయి. ఇది యాంటీబయాటిక్ వల్ల కాదంటారా?

కాదనే అంటాను, కానీ మీరు వాడిన మందులన్నీ బల్ల మీద పెట్టండి ముందు. ఇలా అడిగినవాళ్ళ సంచిలో చూస్తే చాలాసార్లు వేరే దొంగ దొరుకుతాడు.

మొదటిది దొంగతనమే కాదు. జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడు పిల్లడు తినడు, చిక్కిపోతాడు, తగ్గాక ఆవురావురుమని తిని పోయిన బరువు తెచ్చుకుంటాడు. అది ఆరోగ్యం, దానికి సంతోషపడండి.

రెండోది స్టెరాయిడ్. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర పొట్లం కట్టి ఇచ్చే పొడుల్లో, డ్రాప్స్‌లో డెక్సామెథసోనో బీటామెథసోనో కలుస్తుంది, జ్వరం గంటలో దిగిపోతుంది, పిల్లడు చలాకీగా ఆడతాడు, ఆయన చెయ్యి మంచిదని ఊరంతా పేరు. ఆ మందు ఎక్కువరోజులు పడితే ఆకలి విపరీతంగా పెరుగుతుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఒళ్ళు నీరుపడుతుంది, ఎముకల ఎదుగుదల మందగిస్తుంది, ఒంట్లో నిరోధకశక్తి తగ్గుతుంది. బరువు పెరిగి ఎత్తు ఆగిపోయిందంటే గట్టిగా అనుమానించాల్సింది దీన్నే. ఆస్తమాకో కిడ్నీ జబ్బుకో పిల్లల డాక్టరు ప్రెడ్నిసొలోన్ రాస్తే అది వేరు, లెక్క ప్రకారం ఇస్తారు, ఎక్కువరోజులు వాడింది ఆపేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు. ఇప్పటికే చాన్నాళ్ళుగా వాడేస్తుంటే మీరు ఉన్నట్టుండి ఆపెయ్యకండి, ఆ డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరకి వెళ్ళండి.

మూడోది ఆకలి సిరప్. "మా పాప అన్నం తినట్లేదండీ, ఆకలి మందు ఇవ్వండి" అని రోజూ ఎవరో ఒకరు. చాలావాటిలో ఉండేది సైప్రోహెప్టడిన్, అది నిజానికి ఎలర్జీ మందు, నిద్ర తెస్తుంది, ఆకలి పెంచుతుంది. వాడినన్నాళ్ళు తింటారు, ఆపితే మళ్ళీ మొదటికే. రెండేళ్ళలోపు పిల్లలకి డాక్టరు చెప్పకుండా అస్సలు వద్దు. అన్నం తినట్లేదని చెప్పిన ఆ పాప చేతిలో చిప్స్ పాకెట్ ఉంటుంది, నేను చూస్తాను, ఏమీ అనను.

పుట్టగానే పిల్లల వార్డులో పెట్టి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు ఏటి చెయ్యాలి?

ఏమీ చెయ్యక్కర్లేదు, తల్లిపాలు ఇవ్వండి, టీకాలు వేయించండి, బరువుతోపాటు ఎత్తు కూడా కొలిపించండి. పుట్టిన పిల్లలకి రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తే గంటల్లో ప్రాణం మీదకొస్తుంది, అందుకే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మొదలెడతారు, అది న్యాయమే. రిపోర్టు బాగుంటే తొందరగా ఆపుతారు. ఇక్కడ విడ్డూరం ఏంటంటే 2021లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన పరిశోధనలో, పుట్టిన 14 రోజుల్లోపు మందు పడిన మగపిల్లలు ఆరేళ్ళదాకా ఎత్తూ బరువూ కొంచెం తక్కువగా ఉన్నారు, ఆడపిల్లల్లో ఆ తేడా కనపడలేదు. అంటే లావు కాదు, తగ్గుదల. కాబట్టి ఘోషాసుపత్రిలోనో శ్రీకాకుళం రిమ్స్‌లోనో డాక్టరు అవసరమని చెప్తే వాట్సాప్ చూసి వద్దనకండి.

మా పాప బక్కగా ఉంది. బరువు పెరుగుతుందంటే మరి ఒక కోర్సు వేసేద్దామా?

నవ్వకండి, ఇది నిజంగా అడిగిన ప్రశ్నే. వద్దు.

ఈ ఆలోచన వెనక కొంత నిజం ఉంది, అందుకే చెప్తున్నా. ఆఫ్రికాలో మలావీలో తీవ్రంగా చిక్కిపోయిన 2,767 మంది పిల్లల మీద చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, పోషకాహారంతోపాటు అమాక్సిసిలిన్ ఇస్తే కోలుకున్నవాళ్ళు పెరిగారు, చావులు తగ్గాయి. తర్వాత 2016లో నైజర్‌లో ఇలాగే చేస్తే కోలుకోవడంలో అంత లాభం కనపడలేదు. అదంతా ప్రాణం మీదకొచ్చినంత బలహీనంగా ఉన్న పిల్లల సంగతి, డాక్టర్ల కళ్ళముందు. మీ పాప కొంచెం సన్నగా ఉందని కాదు.

మనవైపు అసలు గొడవ బక్కతనమే ఎక్కువ అన్నది మాత్రం నిజం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 31.2 శాతం, వయసుకి తగ్గ బరువు లేనివాళ్ళు 29.6 శాతం. దేశం మొత్తంలో అధిక బరువున్న పిల్లలు 3.4 శాతం, అంతకుముందు సర్వేలో 2.1. లావు పెరుగుతోంది, కానీ ఇంకా బక్కపిల్లలే ఎక్కువ. సీతంపేట కొండల మీద ఊళ్ళకీ విజయనగరం కంటోన్మెంట్‌లో అపార్ట్‌మెంట్లకీ ఒకే సలహా ఇస్తే ఎలా సరిపోద్ది చెప్పండి.

అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, అమాక్సిసిలిన్... ఏది మంచిది?

మంచిది చెడ్డది కాదు, ఏ జబ్బుకి ఏది అన్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో వీటిని మూడు గుంపులుగా విడదీసింది. అమాక్సిసిలిన్ మొదటి గుంపు, ముందు వాడాల్సినది. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ రెండో గుంపు, అంటే ఆచితూచి వాడాల్సినవి. మన దగ్గర అడిగేది తిరగబడి ఉంటుంది, అజిత్రోమైసిన్ రోజుకి ఒకసారి పోస్తే చాలు, మూడు రోజులే, పిల్లలకి రుచి కూడా నచ్చుతుంది, అందుకే అదే కావాలంటారు.

సెఫిక్సిమ్ లాంటివి హెచ్1 షెడ్యూల్ అనే ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి, చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడు డాక్టరు పేరు, పేషెంటు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. నేను పేరు అడిగితే కోపం తెచ్చుకోకండి, చెప్పండి, అంతే. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉందంటే అది సొంతంగా కొనుక్కునేది కాదు.

జలుబు, జ్వరానికి యాంటీబయాటిక్ అక్కర్లేదంటారు, మరి ఎప్పుడు కావాలి?

మామూలు జలుబు వైరస్‌ది, దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచెయ్యదు. ముక్కు నీరు పచ్చగా మారిందంటే బాక్టీరియా వచ్చేసిందని కాదు, జలుబు ముదిరితే అలాగే అవుతుంది. వారం పది రోజులు జలుబు, దగ్గు రెండు మూడు వారాలు కూడా ఉంటుంది. నీళ్ళ విరేచనాలకి కావాల్సింది ఓఆర్‌ఎస్, జింక్. జింక్ ఆరు నెలలు దాటితే రోజుకి 20 మిల్లీగ్రాములు, లోపైతే 10, రెండు వారాలు. రక్తం పడితే అది వేరే, డాక్టరు దగ్గరకే.

కావాల్సినవి న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, చెవిలో చీము, టైఫాయిడ్ లాంటివి. న్యుమోనియా అనుమానం ఇంట్లోనే పట్టొచ్చు, పిల్లడు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40, ఈ అంకె గానీ దాటి గానీ వస్తే ఆలస్యం చెయ్యొద్దు. డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలు పట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడున్నా 108కి కొట్టండి. మూడు నెలలు నిండని పిల్లకి జ్వరం వస్తే అది చిన్న జ్వరమే అయినా సిరప్ పోసి చూద్దాం అనుకోకండి, ఆసుపత్రికే. ఇలాంటప్పుడు లావవుతాడేమో అని మందు ఆపడం లాంటి తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

పెరుగు పెడితే, ప్రోబయోటిక్ సాచెట్లు వేస్తే బరువు పెరగకుండా ఉంటారా?

బరువు సంగతి తేలలేదు. మందు వల్ల వచ్చే విరేచనాలు తగ్గడానికి కొన్ని రకాలు, శాకరోమైసిస్ బౌలార్డీ లాంటివి పనిచేస్తాయి, అది డాక్టరు రాస్తే వాడండి. ఆరు నెలలు దాటాక ఇంటి పెరుగు పెట్టొచ్చు, జలుబు చేస్తుందని అత్తగారు అడ్డుపడితే మధ్యాహ్నం పెట్టండి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలిక్కి రాయొద్దు.

లావు కాకుండా ఉండాలంటే మరి దేని మీద దృష్టి పెట్టాలి?

ఆరు నెలలు తల్లిపాలే, తర్వాత పాలతోపాటు చోడి జావ, పప్పన్నం, గుడ్డు, అరటిపండు, అంగన్‌వాడీ బాలామృతం ఇస్తే అది కూడా, పిల్లకే పెట్టండి ఇంటిల్లిపాదీ పంచుకోకుండా. టీలో బిస్కెట్ ముంచి పెట్టడం, పాలల్లో తీపి పొడులు, ఫోన్ చూపిస్తూ నోట్లో కుక్కడం, ఇవి ఆ 50 గ్రాముల తేడాకంటే ఎన్నో రెట్లు పెద్దవి. ఫోన్ చూస్తూ తిన్న పిల్లకి కడుపు నిండిన సంగతి తెలియదు.

లావో కాదో కంటితో చెప్పకండి, మన కంటికి బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం కదా. తల్లీబిడ్డల కార్డులో గ్రాఫ్ ఉంటుంది, ఆశా అక్కనో ఏఎన్ఎంనో అడిగి ప్రతినెలా చుక్క పెట్టించండి. అందాజుగా ఐదో నెలకి పుట్టిన బరువుకి రెట్టింపు, ఏడాదికి మూడు రెట్లు. ఏడాది మగపిల్లాడికి 9.6 కిలోలు, ఆడపిల్లకి 8.9 కిలోలు మధ్యస్థం, కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు. ఒక్క అంకె కాదు, గీత ఎటు పోతోందో చూడాలి. గీత ఉన్నట్టుండి పైకి ఎగబాకినా కిందకి జారినా అప్పుడు అడగండి.

జ్వరం తగ్గింది, సిరప్ ఆపెయ్యొచ్చా?

మీ అంతట మీరు ఆపకండి. ఐదు రోజులు రాస్తే ఐదు రోజులు. దద్దుర్లు వచ్చినా, మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆపి పరిగెత్తండి.

మిగిలిన సిరప్ దాచుకోవచ్చా? తమ్ముడికి వాడొచ్చా?

రెండింటికీ వద్దు. పొడి సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి కలిపాక చాలావాటికి ఆయుష్షు 7 నుంచి 14 రోజుల్లోపే, లేబుల్ మీద రాసుంటుంది, కొన్నింటిని ఫ్రిజ్‌లో పెట్టాలి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో ఊరికొచ్చిన కుటుంబాలు సగం సీసా సంచిలో పట్టుకొచ్చి, ఇదే రకం ఇంకోటి ఇవ్వండి అంటారు, బస్సులో ఎండకి మగ్గిన మందు అది. డోసు కూడా బరువుని బట్టి, పిల్లడు ఈపాటికి రెండు కిలోలు పెరిగుంటాడు, పోయినేడాది డోసు ఇప్పుడు సరిపోదు. ఇంట్లో చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చే మూతకి గీతలుంటాయి, అది పోతే అడగండి, సిరంజి ఒకటి ఇస్తాను, దానికి డబ్బులు తీసుకోను.